ఇరవై నాలుగు సెకన్లు

ఆఫీసులో ఆవిడని అందరూ సెకనమ్మ అంటారు. మొదట్లో చాటుగా అనుకునేవాళ్ళు, ఇప్పుడు ముఖం మీదే పిలుస్తున్నారు, ఆవిడా పలుకుతోంది. ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ ఉద్యోగం ఒక్కటే. నేలమాళిగలో, తలుపులు బిగించిన ఒక చల్లటి గదిలో ఉన్న అణు గడియారాల్ని కంటికి రెప్పలా కాచుకోవడం. దేశంలో ఎవరి ఫోన్‌లో చూసుకున్నా కనిపించే టైము చుట్టూ తిరిగి అక్కణ్ణుంచి వచ్చిందే. అలాంటి మనిషి, చెల్లెలు పోయిన పంతొమ్మిదో రోజున, ఆస్పత్రి వార్డులో ఒక చవక ప్లాస్టిక్ గోడ గడియారం కింద నిలబడి, మెడ నొప్పెట్టేదాకా దాన్నే చూస్తోంది.

పిచ్చి పట్టలేదు. ఆస్పత్రివాళ్ళు ఇచ్చిన కాగితంలో చెల్లెలు పోయిన టైము మధ్యాహ్నం మూడూ యాభై ఒకటి అని ఉంది. అక్క చేసిన ఫోన్ కాల్ మొదలైంది మూడూ యాభై నాలుగు దాటి ఇరవై సెకన్లకి. ఆ ఫోన్‌ని చెల్లెలి చెవి దగ్గర పెట్టారు, అక్క నాలుగు నిమిషాలు మాట్లాడింది. చెల్లెలు విన్నదా, వినలేదా? ఆవిడకి ఈ భూమ్మీద తెలియాల్సింది ఆ ఒక్క ముక్కే.

మామూలు రోజుల్లో మాట్లాడుకునే అక్కాచెల్లెళ్ళయితే ఇంత బాధ ఉండేది కాదు. పదకొండు నెలలుగా ఇద్దరికీ మాటల్లేవు. అప్పట్లో చెల్లెలికి ఆపరేషనయింది. "వారం రోజులు వచ్చి ఉండవే" అని అడిగింది. సరిగ్గా ఆ వారమే గడియారాల్ని ఒకదానితో ఒకటి పోల్చి చూసే పని. ఆ సమయంలో గదిలోకి వేరే మనిషి అడుగుపెడితే ఒంటి వేడికే లెక్క చెడుతుంది, పని ఇంకొకరికి అప్పగించడానికి లేదు. "నీకేం పెద్ద రోగమా, చిన్న కోత. దానికింత గోలా?" అంది అక్క. అనాల్సిన మాట కాదు. అనేసింది. చెల్లెలు ఫోన్ పెట్టేసింది. నేనెందుకు ముందు చెయ్యాలని ఆవిడ, నేనెందుకు చెయ్యాలని ఈవిడ. ఒకే కడుపున పుట్టారు మరి, మొండితనంలో ఇద్దరూ ఇద్దరే.

అంతకుముందు ఎంత బాగుండేవాళ్ళని. చెల్లెలు బట్టలు కుట్టేది, ఐదో అంతస్తులో కాపురం. ఎత్తుకి వెళ్ళేకొద్దీ టైము రవ్వంత వేగంగా నడుస్తుందని ఒకసారి అక్క చెబితే మిషను ఆపి మరీ నవ్వింది. "అయితే నువ్వు పాతాళంలో కూర్చుని వయసు దాచుకుంటున్నావన్నమాట. ఇలాగే ఉంటే ఎప్పటికో ఒకప్పటికి నేనే నీకు అక్కనవుతా" అంది. "దానికి కోట్ల ఏళ్ళు పడుతుంది, నోర్మూసుకుని కుట్టు" అని అక్క వీపు మీద ఒక్కటిచ్చింది.

చెల్లెలు పోయిన రోజు సెకనమ్మ గడియారాల గదిలో ఉంది. లోపలికి ఫోన్ తీసుకెళ్ళకూడదు, బయట సొరుగులో పెట్టాలి. పని ముగించుకుని వచ్చేసరికి మరిది, చెల్లెలి మొగుడు, చేసిన తొమ్మిది మిస్డ్ కాల్స్. తలలో రక్తనాళం చిట్లి చెల్లెల్ని పొద్దున్నే ఆస్పత్రిలో చేర్చారట. తిరిగి చేస్తే మరిది ఎత్తలేదు, ఎవరో నర్సు ఎత్తింది. "నేను వాళ్ళక్కని, నా మాట ఒక్కసారి వినిపించండమ్మా" అంటే, ఒక్క క్షణం ఆగి, "చెవి దగ్గర పెట్టాను, మాట్లాడండి" అంది. తప్పు నాదేనని, నాకు బుద్ధి లేదని, ఒక్కసారి తిట్టవే అని, ఏడుస్తూ ఏమేం చెప్పిందో ఆవిడకే సరిగా గుర్తు లేదు.

మరిది అప్పుడు కింద ఉన్నాడు. ఫోన్ మంచం మీదే వదిలేసి టీ తాగడానికి వెళ్ళాడు. పొద్దుట్నుంచీ కదలని మనిషి పది నిమిషాలు వెళ్ళాడు, ఆ పది నిమిషాల్లోనే అయిపోయింది. అప్పట్నుంచి అతనికి మింగుడు పడటం లేదు. "టీ కోసం వెళ్ళాను వదినా, టీ కోసం" అంటాడు, తల గోడకి ఆనించి. "ఒక్కటే ఊరట. తను పోయేటప్పుడు మీ గొంతు చెవిలో ఉంది. ఒంటరిగా పోలేదు." ఆ కాగితం వచ్చాక అతనికీ అనుమానం పట్టుకుంది. "ఇందులో టైము చూస్తే మరోలా ఉంది. మీకు తెలుస్తుంది కదా వదినా, కాస్త చూసి చెప్పండి" అన్నాడు.

ఆవిడకి తెలిసిన దారి ఒక్కటే. తన ఫోన్‌లో టైముని శంకించడానికి వీల్లేదు, అది తన చేతుల మీదుగా వెళ్ళిందే. దూరంగా ఉన్న ఇద్దరికి ఒకే 'ఇప్పుడు' అంటూ ఉండదని, ఏది ముందో ఏది వెనకో తేలని సందర్భాలుంటాయని చదువుకున్న మనిషే. ఆ సందులో దూరిపోవచ్చేమో అని కూడా చూసింది. ఆఫీసుకీ ఆస్పత్రికీ మధ్య పన్నెండు కిలోమీటర్లు. అంత దూరానికి ఫిజిక్సు దయతలచి ఇచ్చే వెసులుబాటు సెకనులో పాతికవేలో వంతు. ఆవిడకి కావలసింది మూడు నిమిషాలు. ఇక మిగిలింది, కాగితంలోని టైము చూసి రాసిన ఆ వార్డు గడియారమే.

చూస్తే అది పది నిమిషాల పది సెకన్లు వెనక ఉంది. గుండె ఎగిరి గంతేసింది. గడియారం వెనకుందంటే అసలు టైము ముందుకు జరుగుతుంది, చెల్లెలు నాలుగు గంటల దాకా ఉన్నట్టే. పక్క మంచం పేషెంటు వింతగా చూస్తున్నా పట్టించుకోకుండా బల్ల మీద కూలబడి ఏడ్చింది.

కానీ ఇరవై ఆరేళ్ళ అలవాటు ఊరుకుంటుందా? ఇవాళ పది నిమిషాలు వెనకుంటే ఆ రోజూ అంతే ఉండాలని ఏముంది? మర్నాడు మళ్ళీ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది, నాలుగో రోజూ వచ్చింది. గడియారం రోజుకి ఇరవై ఆరు సెకన్లు వెనకబడుతోంది. వెనక్కి లెక్క కడితే ఆ రోజు తేడా రెండు నిమిషాలకి నాలుగు సెకన్లు తక్కువ. కాగితంలో రాసిన నిమిషాన్ని చివరి అంచుదాకా సాగదీసినా, చెల్లెలు పోయిన ఇరవై నాలుగు సెకన్లకి ఫోన్ మొదలైంది.

లెక్కలు రాసుకున్న పుస్తకంలో ఆ అంకె కింద గీత గీసింది. బ్యాటరీ నీరసపడే గడియారం అన్ని రోజులూ ఒకేలా నడవదు. మొదట్లో తక్కువ తప్పి ఈమధ్యే ఎక్కువ తప్పుతూ ఉంటే లెక్క తారుమారవుతుంది. అంటే బతికి ఉండొచ్చు, ఉండకపోనూవచ్చు. గడియారం అంతకన్నా ఏమీ చెప్పలేదు.

"నాలుగు రోజులుగా చూస్తున్నాను, ఎవరి కోసమమ్మా?" ఎవరో పక్కన నిలబడి అడిగారు. గొంతు గుర్తుపట్టింది. ఆ రోజు ఫోన్ ఎత్తిన నర్సు.

సెకనమ్మ అంతా చెప్పింది, పుస్తకం కూడా చూపించింది. నర్సు ఆ అంకెలకేసి చూసి, "దీనికోసం గడియారాన్ని అడిగారా? నన్నడిగితే సరిపోయేది కదా" అంది.

నిజమే. ఆ రోజు మంచం పక్కన ఒక మనిషి నిలబడి ఉందన్న సంగతే ఆవిడకి తట్టలేదు. టైము గురించి మనుషుల్ని అడగడం ఆవిడ వృత్తిలో లేదు. మనుషులు ఉజ్జాయింపుగా చెబుతారు.

"ఇప్పుడు అడుగుతున్నాను" అంది.

"విన్నారమ్మా. మీ గొంతు వినగానే కనురెప్ప కదిలింది." నర్సు నేలకేసి చూస్తూ చెప్పింది.

"నా వైపు చూసి చెప్పు తల్లీ."

నర్సు చూడలేకపోయింది. మంచం మీది దుప్పటి అంచు సరిచేసింది, మళ్ళీ సరిచేసింది. "మీ ఫోన్ మోగేసరికే అయిపోయింది. టైము కూడా రాసేశాను. చెప్దామనే ఎత్తాను. మీరు వినిపించమన్నారు. ఆ గొంతు విన్నాక నాకు నోరు రాలేదు. చెవి దగ్గర పెట్టేశాను. మీరు మాట్లాడినంతసేపూ అలాగే పట్టుకున్నాను. తీసేస్తే పాపం అనిపించింది."

సెకనమ్మ ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుంది. థాంక్స్ చెప్పాలో తిట్టాలో తెలియలేదు. తను బతిమాలిన నాలుగు నిమిషాలూ విన్నది ఈ అమ్మాయొక్కతే. పదకొండు నెలల్లో ఏ పూటైనా చెయ్యగలిగిన ఫోన్ అది. ఏ పూటైనా.

సాయంత్రం మరిది తలుపు తీశాడు. లోపలికి రమ్మనడం కూడా మరిచిపోయి, "తెలిసిందా వదినా?" అన్నాడు. గడ్డం మాసి, చొక్కా గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకుని ఉన్నాడు. ఇన్ని రోజుల్లో ఆ చొక్కా సరిచేసేవాళ్ళు లేరు.

ఇరవై ఆరేళ్ళుగా సెకనమ్మ ఒక్క తప్పు టైము ఎవరికీ ఇచ్చి ఎరగదు.

"వార్డు గడియారం పది నిమిషాలు లేటు" అంది, అతని కళ్ళలోకి చూస్తూ. "నేను మాట్లాడినంతసేపూ బతికే ఉంది."

మరిది గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. మోకాళ్ళలో తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చాలాసేపటికి ముఖం తుడుచుకున్నాడు. ఇన్ని రోజుల్లో మొదటిసారి కాస్త మనిషిలా కనిపించాడు.

"అయితే మీరు చెప్పిందంతా విన్నదన్నమాట. మిమ్మల్ని క్షమించే వెళ్ళింది వదినా. ఇంక మనసులో ఏమీ పెట్టుకోకండి."

సెకనమ్మ ఆ మాట కోసమే నాలుగు రోజులు ఆ గోడ కింద నిలబడింది. ఎవరైనా ఒక్కసారి అంటే చాలనుకుంది. ఇప్పుడు అన్నాడు, ఆవిడ మాట నమ్మి.

"అవునయ్యా, క్షమించింది" అంది.