కిల్‌బ్రాన్ విందులో లేచి నిలబడవలసినవారు

నవంబరు మొదటి శనివారం, ఊళ్ళోని పాత హోటల్లో, కిల్‌బ్రాన్ విశ్వవిద్యాలయ పూర్వ విద్యార్థుల విందు. గొర్రెమాంసం, బంగాళాదుంపలు, చివర యాపిల్ తీపి. తీపి ముగియగానే, ఆ ఏడు మా సహాయనిధికి ఎంపికైన విద్యార్థి లేచి, తన కష్టం చెప్పుకొని, కృతజ్ఞతలు తెలపాలి. అప్పుడే అధ్యక్షుడు మంజూరు కవరును చేతికిస్తాడు. లేవనివారి సాయం జాబితాలోని తరువాతి పేరుకు పోతుంది. ఇంతవరకు ముప్ఫై ఒక్కమంది లేచారు.

ఈ ఏటి విందుకు మూడు రోజుల ముందు, వానలో తడిసి నెసా కీవెనీ మా ఇంటికి వచ్చింది. నర్సింగు చివరి సంవత్సరం. ఎంపిక సంఘంలో ఉన్నాను కనుక ఆమె దరఖాస్తు చదివాను. ఈ సాయం అందకపోతే క్రిస్మస్ తరువాత ఆమెకు చదువు లేదు.

టైపు చేసిన కాగితం ఒకటి నా బల్ల మీద పెట్టింది.

"ఇది చదవమని ఆఫీసువాళ్ళు ఇచ్చారు, మిస్ హాన్లీ. అంతా మా నాన్న తాగుడు గురించే. మా ఊరి మందుల షాపాయన ప్రతి ఏడూ ఈ విందుకొస్తాడు."

"వస్తే?"

"వస్తే ఏముంది, ఆదివారం పూజ అయ్యేసరికి చర్చి మెట్ల మీద ఊరంతా అదే చెప్పుకుంటుంది. నాన్న తాగుడు మానేసి పద్నాలుగు నెలలైంది. ఆ ముక్క ఇందులో లేదు. రాయమంటే, మానేశాడంటే జాలి తగ్గిపోతుందన్నారు."

"కృతజ్ఞత చెప్పడానికి నామోషీ పనికిరాదు, అమ్మాయ్," అన్నాను. నా నోట వచ్చిన ఆ గొంతు కాన్వెంటులో మాకు పాఠం చెప్పిన సిస్టర్ బెనిగ్నస్‌ది.

"కృతజ్ఞతలు వందసార్లు చెప్తాను. కావాలంటే ఆ విందు గిన్నెలన్నీ కడుగుతాను. మా నాన్నను మాత్రం పళ్ళెంలో పెట్టి వడ్డించలేను." లేచి కోటు గుండీలు పెట్టుకుంది. "ఈ రూలు పెట్టిందెవరో గానీ, జన్మలో ఎవరి ముందూ చెయ్యి చాచి ఉండరు."

ముప్ఫై ఒక్కేళ్ళ కిందట ఆ నియమం రాసింది నేను. చెయ్యి చాచినదాన్నీ నేనే.

కాన్వెంటులో ఫీజు కట్టలేని పిల్లలం తొమ్మిదిమందిమి. మాకు గోధుమరంగు గౌను, పక్క గుమ్మం. దాతల పండుగ నాడు హాలు మధ్యలో నిలబడి, మా ఫీజు కట్టినవారి పేర్లు ఒక్కొక్కటే అప్పజెప్పేవాళ్ళం. ఒక పేరు మరిచిపోయినందుకు నన్ను మళ్ళీ మొదటినుంచి చెప్పించారు. నేను మోసిన బరువును నా వెనుక వచ్చినవారూ మోయడమే న్యాయమని ఎన్నో ఏళ్ళు నమ్మాను. దానికి కృతజ్ఞత అని పేరు పెట్టుకున్నాను.

అధ్యక్షుడు ఫింటన్ గోగర్టీకి ఫోన్ చేసి, ఈ ఏడు ఆ తంతు మానుకుందామన్నాను.

"భలేవారే, హాన్లీ గారూ! కథ వింటేనే కదా జేబులు తెరుచుకునేది? లేకపోతే మాంసం తిని మూతి తుడుచుకుని పోతారు. ఆ పిల్లకు ఇష్టం లేకపోతే చెప్పండి, తరువాతి పేరు పిలుద్దాం."

శనివారం నెసా వచ్చింది. తీపి ముట్టుకోలేదు. పేరు పిలవగానే లేచింది. చేతిలో ఆ టైపు కాగితం. ఆమె నోరు తెరవకముందే నేను లేచాను.

"కూర్చో, నెసా."

నేను హాలు వైపు తిరిగాను.

"నా పేరు అట్రాక్టా హాన్లీ. ఈ నిధి నాలుగేళ్ళు నా విశ్వవిద్యాలయ ఫీజు కట్టింది. మా అమ్మ ఈ హోటల్లోనే దుప్పట్లు ఉతికేది. యాభై ఎనిమిదేళ్ళుగా మీ మధ్య కూర్చుని తింటున్నాను, ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు కృతజ్ఞతలు చెబుతున్నాను."

గోగర్టీ గొంతు సవరించుకున్నాడు. "హాన్లీ గారూ, పద్ధతి ప్రకారం ఆ అమ్మాయే..."

"పద్ధతి రాసింది నేనే, ఫింటన్. సాయం పొందినవారు లేవాలని రాశాను. పొందాను, లేచాను. ఆ కవరు ఇలా ఇవ్వండి."

అతడు కదల్లేదు. నేను చెయ్యి చాచే ఉంచాను, కూర్చోలేదు. చివరకు నెసా ఊరి మందుల షాపాయన విసుక్కున్నాడు.

"ఇచ్చెయ్యవయ్యా ఫింటన్! ఆవిడ కూర్చుంటే గానీ మనకు కాఫీ రాదు."

నవ్వులు లేచాయి. కవరు నా చేతికి వచ్చింది. తీసుకువెళ్ళి నెసా పళ్ళెం పక్కన పెట్టాను. ఆమె నాకు కృతజ్ఞతలు చెప్పలేదు, అది సబబే. ఆ టైపు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బల్ల కాలి కింద దోపి, చెంచా చేతిలోకి తీసుకుంది.

సోమవారం ఆ నియమాన్ని కొట్టివేయాలని సంఘానికి రాశాను. అయితే అంతటితో లెక్క తీరదు. ఆ హాలులో అంతకుముందు లేచి నిలబడిన ముప్ఫై ఒక్కమంది చిరునామాలు వెతుకుతున్నాను. క్షమించమని ఒక్కొక్కరికీ నా చేతితో రాస్తున్నాను. ఇప్పటికి నాలుగు ఉత్తరాలయ్యాయి.