అల్లుడి అనుమతి

కూతురు ఉద్యోగం కోసం పంపాల్సిన డిజైన్ల ఫైలు "మీకు అనుమతి లేదు" అంటూ మొండికేసింది. సాయంత్రంలోగా పంపకపోతే ఆ ఉద్యోగం పోయినట్టే. వైరస్ పట్టిందో, డిస్కు కాలిపోయిందో అని తల్లి బెంబేలెత్తిపోతుంటే, మెకానిక్ వచ్చి సెట్టింగులు తెరిచి చూశాడు.

"కంప్యూటర్ శుభ్రంగా ఉందమ్మా. ఫైలు తెరిచే హక్కు మీ అల్లుడుగారికే ఉంది. అమ్మాయి పేరు ఎవరో తీసేశారు."

సోఫాలో కాళ్లూపుతూ అల్లుడు నవ్వాడు. "నేనేలెండి అత్తయ్యా. ఒక్కమాట అడిగితే ఇచ్చేవాణ్ణిగా! ఉద్యోగం రాకముందే ఇంత పొగరా?"

వైరస్సే నయమనిపించింది ఆవిడకు. ఆ నవ్వు చూస్తే అన్నంలో బొద్దింక కనబడ్డట్టయింది.

"ఛీ!" అని మెకానిక్ వైపు తిరిగింది. "అమ్మాయి పేరు చేర్చు బాబూ. ఈయనగారి పేరు తీసిపారెయ్."

కూతురు కుర్చీ ముందుకు లాక్కుంది.