దూది తీసిన సీసాలు

నా కళ్లతో చూసిందే చెబుతాను బిడ్డలారా. పోయిన ఏడు అల్లం తవ్వకాలప్పుడు, ఝరాసంగం దాటాక మదన్‌మోహన్ దొర చేలో, పొద్దున తొమ్మిదికి మా కూలి గుంపులోని బాలమణి గట్టు చాటుకు పోయింది. పని ఎగ్గొడుతోందని మేస్త్రీ శరణప్ప వెంటే పోయి రెక్క పట్టి ఈడ్చుకొచ్చాడు. ఆమె చేతిలో తెల్ల మందు సీసా.

"ఏందే గిది? ఎయిడ్స్ గోలీలా? నువ్వు కడిగిన అల్లం ఎవడు కొంటడే?"

"రోజూ గిదే టైముకు మింగాలె మేస్త్రీ. జర ఇయ్యి, కాల్మొక్త."

అతడు సీసాను అల్లం కడిగే గుంతలోకి విసిరాడు. ఆమెను గుంపులోంచి వెళ్లగొట్టాడు. మేమంతా తలలు వంచుకుని తవ్వుతూనే ఉన్నాం. నా రొండిన కూడా అలాంటి సీసాయే ఉంది. పన్నెండేళ్లుగా అదే మందు మింగుతున్నాను. గోలీలు చప్పుడు కాకుండా సీసాలో దూది కూరడం బాలమణికి నేర్పింది నేనే. ఆ రోజు నా నోట్లోనూ దూదే ఉంది.

తర్వాత ఏ మేస్త్రీ ఆమెను పిలవలేదు. అత్తగారింట్లో కంచం వేరు చేశారు. మందుకు సంగారెడ్డి దవాఖానకు పోదామంటే ఆటోలో పక్కన ఎవరూ కూర్చోలేదు. ఎలాగో తెచ్చుకున్న గోలీలు కూలి లేక ఖాళీ కడుపున మింగితే తల తిరుగుతోందని ఒక రోజు మానింది, తర్వాత అన్ని రోజులూ మానింది. వానాకాలంలో టీబీ పట్టి చనిపోయింది. మందు సరిగ్గా మింగలేదట అన్నారు అందరూ. మింగనివ్వలేదని ఎవరూ అనలేదు.

ఈ ఏడు తవ్వకాలు మొదలైన వారానికే శరణప్ప కొత్త హుకుం తెచ్చాడు. "సోమవారం నుంచి ట్రాక్టర్ ఎక్కెటప్పుడు అందరి మూటలు ఇప్పి చూస్త."

ఆదివారం ప్రార్థన అయ్యాక కూలి ఆడవాళ్లమంతా చర్చి వెనక కూడాం. నారమ్మ గునిసింది.

"మనకెందుకమ్మా? రోగమున్నోళ్లు చెప్పున్రి. మిగతోళ్లం బతుకుతం."

బాలమణి చెల్లెలు కృప లేచింది. "రేపు గోలీలు చూస్తడు పెద్దమ్మా. ఎల్లుండి ఎవరు నీళ్లు పోసుకున్నరో చూస్తడు. వంగనోళ్లను ఎల్లగొడ్తడు. అప్పుడు గూడ అల్లమే తవ్వుతరా? మా అక్కప్పుడు తవ్వినట్టు?"

నేను ఇంటికి పోయి, జొన్నల గుమ్మి అడుగు నుంచి గోనెసంచి లాగి తెచ్చి వాళ్ల ముందు గుమ్మరించాను. అన్నీ ఖాళీ సీసాలు. పారేస్తే ఎవరైనా చూస్తారని ఏళ్ల తరబడి దాచినవి.

నారమ్మ నోరు నొక్కుకుంది. "నీకు గూడనా అవ్వా? నీ చేతి రొట్టె తింటిమి గద!"

"తింటిరి. సచ్చిన్రా?"

ముందు నారమ్మకే నవ్వొచ్చింది. వంగి ఒక సీసా తీసుకుంది. "గిండ్ల ఏం పోద్దాం?"

"శెనగలు" అంది కృప.

సోమవారం శరణప్ప మూటలు విప్పించాడు. ప్రతి మూటలోనూ తెల్ల సీసా. అతడు దొరకు ఫోన్ కొట్టాడు. తవ్విన అల్లం చేలో కుప్పలుగా పడి ఉంది, లారీ వచ్చి నిలబడింది. మదన్‌మోహన్ మా ట్రాక్టర్ దగ్గర కారు దిగాడు.

"ఎవరికున్నదో చెప్పున్రి. మిగిలినోళ్లు ఎక్కున్రి."

ఎవరూ ఎక్కలేదు. ట్రాక్టర్ ముందే కూర్చున్నాం.

"మందుకు దవాఖానకు పోయే దినం ఛుట్టీ ఇయ్యాలె. టైముకు మింగనియ్యాలె. మూటలు ముట్టొద్దు" అంది కృప.

"పోలీసులను పిలుస్త!"

"పిలువు దొరా. బాలమణి ఎట్ల సచ్చిందో వాళ్లకు గూడ చెప్తం."

తొమ్మిదయింది. నా సీసాలోంచి దూది లాగి మట్టిలో పారేశాను. అందరి ముందు గోలీ మింగి, సీసా ఎత్తి ఊపాను. నారమ్మ ఊపింది. కృప ఊపింది. ఇక అందరూ. ఎందులో శెనగలో, ఎందులో గోలీలో దొరకు అంతుపట్టలేదు, పోలీసులకు ఫోన్ కొట్టాడు.

అప్పుడు చూశాను. గుంపులో ఇంకో ఇద్దరు మూత తిప్పి గోలీ మింగారు. పేర్లు చెప్పను. ఇన్నేళ్లూ నేనూ బాలమణీ మేమిద్దరమే అనుకున్నాం.

జహీరాబాద్ వైపు నుంచి పోలీసు జీపు దుమ్ము లేపుకుంటూ వచ్చింది. మేం ఊపుతూనే ఉన్నాం.