రాజనర్సయ్యకు బల్ల ఆపిండ్రు

మా ఇంటాయన రాజనర్సయ్యకు సంఘంల బల్ల ఆపిండ్రు. అంటే నెలకోపారి ప్రభువు రొట్టె, ద్రాక్షరసం అందరికి ఇస్తరు గద, అది ఈయనకు ఇయ్యొద్దని తీర్మానం జేసిండ్రు. చేయించింది మహిపాల్. గీ మహిపాలే ఆదివారం లిఫ్ట్ సుత ఆపుతడు. సంఘపోళ్లు ఎక్కి దిగితే కరెంటు బిల్లు పెరుగుతదట. గుండెల నరాలు మూసుకపోయిన మా ఆయన మందిరం ఉన్న మూడో అంతస్తు దాక కూసుంట లేసుకుంట ఎక్కాలె. ఎక్కినంక మహిపాల్ తలుపు కాడ నిలబడి "వందనాలన్నా" అని పండ్లికిలిస్తడు. థూ, ఏం మనుషులో!

మా మందిరమంటే గోపురం, గంట అనుకునేరు. అమీర్‌పేటల మహిపాల్‌ది కోచింగ్ సెంటర్. వారమంత పోరగాండ్లకు సాఫ్ట్‌వేర్ కోర్సులు చెప్పే హాల్ల, ఆదివారం పాస్టర్ పాల్ రామకృష్ణ అయ్యగారు వాక్యం చెప్తరు. బోర్డు మీద శనివారం రాసింది తుడవకుంటనే దాని మీద యేసయ్య ఫ్లెక్సీ ఏలాడదీస్తరు. హాలు ఊరికె ఇచ్చిండని మహిపాల్‌ను సంఘపెద్దను చేసిండ్రు. పెద్దాయన గాబట్టి బల్ల నాడు రొట్టె పళ్ళెం పట్టుకొని ఆయనే తిరుగుతడు.

గా పళ్ళెంల రొట్టె చేసేది నేను. భూలక్ష్మి అంటరు నన్ను, మైత్రివనం ఎనక గల్లీల కర్రీ పాయింట్ నడుపుత. నెలల మొదటి ఆదివారం పప్పుగిన్నె, సాంబారుగిన్నె పొయ్యి మీదికి ఎక్కకముందే తానం జేసి, గోధుమపిండి కలిపి, పలుచగ ఒత్తి కాల్చి, తెల్లబట్టల చుట్టి తీస్కపోత. తాలింపు వాసన తగులొద్దని దానికి పెంక సుత వేరే పెట్టిన. ఒక్క నెల తప్పలే ఇప్పటిదాక.

ఇగ మా ఆయన చేసిన ఘోరపాపం ఏందో వినుండ్రి. వాళ్ళ అన్న రాజవీరయ్య సచ్చిపోయిండు. పిల్లలు లేరు, పెండ్లాం ఎన్నడో పోయింది. యూసుఫ్‌గూడల మా ఇంట్లనే ఉండె. మేము బాప్తిస్మం తీసుకున్నప్పుడు చుట్టాలంత మా ఇంట్ల నీళ్ళు ముట్టమని కూసుంటే, ఆయనొక్కడు సంచి భుజానేసుకొని వచ్చి "ఆకలైతుందమ్మా, ఏం వండినవ్" అన్నడు. తను మాత్రం బాప్తిస్మం తీసుకోలే. "నాకు ఎల్లమ్మ ఉన్నది. మీ యేసయ్యను సుత నేనేమనను" అంటుండె. క్రిస్మస్ నాడు మాతోని వచ్చి, ఎనక కుర్చీల కూసొని, అందరికంటె గట్టిగ హల్లెలూయ అని, బిర్యానీ తిని పోతుండె.

గసొంటాయనకు కొరివి ఎవరు పెట్టాలె? తమ్ముడే పెట్టిండు. తడిబట్టలతోని అగ్గికుండ పట్టుకొని పంజాగుట్ట శ్మశానానికి నడిచిండు. గప్పుడే సిగ్నల్ కాడ కార్ల ఏసీ ఏసుకొని కూసున్నడు మహిపాల్. అద్దం దించి అయ్యో అనలే. దిగి భుజం మీద చెయ్యేయలే. ఫోన్ తీసి ఫోటో కొట్టి సంఘపెద్దల గ్రూపుల పెట్టిండు.

దినాలు కాకముందే పిలిపించిండ్రు. మా పాస్టరయ్య ఆంధ్ర దిక్కాయన, మాట మస్తు మెత్తగుంటది. "ఏంటండీ రాజనర్సయ్య గారూ ఇది? మీలాంటి పాత విశ్వాసులే ఇలా చేస్తే కొత్తవాళ్ళు ఏం నేర్చుకుంటారండీ? సంఘం ముందు నిలబడి తప్పయిందని ఒప్పుకోండి. అప్పటిదాకా బల్లకి దూరంగా ఉండండి" అన్నడు.

మా ఆయన తల ఒంచుకొని నిలబడ్డడు. నాకు ఒళ్ళు మండింది. "అయితే మహిపాలన్నకు సుత ఆపుండ్రి అయ్యగారూ" అన్న. "సెంటర్ గుమ్మానికి నిమ్మకాయ, మిర్పకాయల దండ కడుతడు. ఆదివారం పొద్దుగాల విప్పి డ్రాయర్ల దాసిపెడుతడు, సోమవారం మళ్ళ కడుతడు. దసరాకు కంప్యూటర్లన్నిటికి బొట్లు పెట్టిస్తడు. మీ కండ్లకు కానొస్తలేదా?"

"అది స్టాఫ్ సెంటిమెంట్ అక్కా, నాది కాదు" అన్నడు మహిపాల్, జరంత సుత సిగ్గుపడకుంట. పాస్టరయ్య మొఖం పైకెత్తి ఫ్యాన్ దిక్కు చూసిండు. హాలు పోతే ఏడ పెట్టుకోవాలె మరి సంఘం? ఆయన ఫికరంత గదే. మా అసొంటోళ్ల రోషం ఎవనికి కావాలె!

గీ లొల్లిల ఉండంగనే ఈయనకు ఛాతిల నొప్పి ఎక్కువైంది. పంజాగుట్ట దవాఖానల చూసి ఆపరేషన్ తప్పదన్నరు. మొదటి ఆదివారం దాటినంక వచ్చే మంగళవారం పెట్టిండ్రు. రొమ్ము కోస్తరంటే భయపడలే మా ఆయన. ఒకటే మాట పట్టుకున్నడు. "బల్ల తీసుకోకుంట గా కత్తి కిందికి పోనే. తిరిగొస్తనో రానో."

"రొట్టె చేసేది నేనే గద! ఇంట్లనే చేసి పెడుత, దండం పెట్టుకొని తిను" అన్న.

"రొట్టెది ఏమున్నదే పిచ్చిదానా. అందరితోని కూసొని తినాలె అది" అన్నడు.

ఒకనాడు నాకు చెప్పకుంటనే పాస్టరయ్య దగ్గరికి పోయిండు. ఏం మాట్లాడాలెనో అయ్యగారే నేర్పి పంపిండట. వచ్చి మంచం మీద కూసొని బడిపిల్లగాని లెక్క అప్పజెప్పుకుంటుండు. "అన్యుల ఆచారంల పాలుపంచుకున్న, తప్పయింది, సంఘం నన్ను మన్నించాలె." "అన్నకు అగ్గి పెట్టుడు తప్పని నోరెట్ల వస్తదయ్యా నీకు? ఆ నిమ్మకాయల మహిపాల్ ముందర తల ఒంచుతవా?" అని అరిచిన.

"రెండు మాటలే గద. అన్న ఏమనుకోడు, నవ్వుతడు" అన్నడు.

శనివారం రత్నమాల ఫోన్ చేసింది. మహిపాల్ పెండ్లాం, బంజారాహిల్స్‌ల ఉంటరు. బాగున్నరా అని లేదు, ఆపరేషన్ ఎట్ల అని లేదు. "ఆంటీ, రేపు రొట్టె మాత్రం మర్చిపోకండి. బయట కొన్నది బాగుండదు" అన్నది. మొగనికి బల్ల బంద్, పెండ్లానికి రొట్టె ఆర్డర్! ఆ ఫోన్ నేలకేసి కొడుదామనిపించింది. అయినా పొద్దుగాల లేసి చేసిన. మా ఆయన తింటడని చేసిన, వాళ్ళ మొఖాలు చూసి కాదు.

ఆదివారం ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ ఏసుకున్నడు. మెట్లు ఎక్కుతుంటే రొప్పుతుండు, అయినా మొఖంల ఒక సంబరం. పోయి ముందర వరుసల కూసున్నడు. స్టాండుకు ఫోన్ పెట్టి లైవ్ ఇస్తుండ్రు. పాటలైనయి, వాక్యమైంది. పాస్టరయ్య మైకుల "మన ప్రియ సహోదరులు ఒక మాట చెప్పాలనుకుంటున్నారు" అన్నడు.

మా ఆయన లేసిండు. కుర్చీ ఎనక పట్టుకొని, నేర్చుకున్నదంత ఒక్క మాట తప్పకుంట చెప్పిండు. హాలంత హల్లెలూయ అని చప్పట్లు కొట్టింది. ముక్కు చీదుకుంట ఏడ్చేటోళ్లు సుత ఉన్నరు. ఒక మనిషిని తల ఒంచిపిచ్చినందుకు గంత సంతోషమా వీళ్ళకు!

మహిపాల్ పళ్ళెం పట్టుకొని వచ్చి ఆయన ముందర నిలబడ్డడు. మా ఆయన చెయ్యి సాపిండు. పళ్ళెంల తెల్లబట్ట మీద నేను కాల్చిన రొట్టె, ముక్కలు ముక్కలుగ ఉన్నది. అయిపోయింది, ఇగ తింటడు, మంగళవారం ధైర్యంగ పోతడు అనుకున్న.

అట్ల కానిస్తరా! పాస్టరయ్యకు లైవ్ గుర్తొచ్చినట్టుంది. "ఒక్క నిమిషం మహిపాల్ గారూ" అని మైకు పట్టుకొని దిగొచ్చిండు. "రాజనర్సయ్య గారూ, యువకులు చూస్తున్నారు, వాళ్ళ కోసం ఒక్క మాట చెప్పండి. ప్రభువుని తెలుసుకోకుండా పోయిన మీ అన్నగారు ఈరోజు ఎక్కడ ఉన్నారు? నరకంలో ఉన్నారని మీ నోటితో చెప్పండి. అది సాక్ష్యం అవుతుంది." అని మైకు ఆయన నోటి కాడ పెట్టిండు.

మా ఆయన పళ్ళెం దిక్కు చూసిండు. తర్వాత మహిపాల్ దిక్కు చూసిండు, పాస్టరయ్య దిక్కు చూసిండు. ఆ చూపుల కోపం లేదు. ఎవరో కొత్తోళ్లను చూసినట్టు చూసిండు. సాపిన చెయ్యి మెల్లగ ఎనకకు తీసుకొని అంగీకి తుడుచుకున్నడు.

"నరకంలనే ఉన్నడంటరా అయ్యగారూ?" అని అడిగిండు.

"వాక్యం ప్రకారం అంతే కదండీ."

"అయితే నేను సుత ఆడికే పోత. మా అన్న ఒక్కడుండలేడు" అన్నడు మైకుల.

అని వరుసల నుంచి బయటికొచ్చి తలుపు దిక్కు నడిచిండు. పాస్టరయ్య గబగబ ఏదో పాట అందుకున్నడు. మహిపాల్‌కు ఏం చెయ్యాలెనో తోచలే, పళ్ళెం తెచ్చి నా ముందర పట్టిండు. చూడుండ్రి తెలివి!

"నాకొద్దు" అన్న.

"అక్కా, లైవ్ నడుస్తుంది" అన్నడు పండ్లు కొరుక్కుంట.

"నడవనియ్. నీ మొఖం సుత అందరు చూడని" అని పళ్ళెం పక్కకు నూకి బయటికొచ్చిన.

తలుపు బయట, సంఘపోళ్ల చెప్పుల నడుమ గోడకు ఒరిగి కూసున్నడు. తన చెప్పులు ఏవో కానొస్తలేవు ఆయనకు, కండ్ల నిండ నీళ్ళు. లోపట నుంచి పాట గట్టిగ ఇనొస్తుంది. పక్కన కూలబడి ఎతికి చెప్పులు తెచ్చి కాళ్ళకు తొడిగిన. నా చెయ్యి గట్టిగ పట్టుకున్నడు.

"లక్ష్మీ, నిజంగనే బల్ల లేకుంట పోతున్ననే. మంగళవారం ఏమన్నయితే?" అన్నడు.

"ఏమైతది? అయితే నేను సుత ఎనకనే వస్త తియ్" అన్న. "మీ అన్నదమ్ములిద్దరికి ఆడ వండిపెట్టేదెవరు?"