నల్లకోట్ల మీద తెల్లపొడి

ఆ కుట్టు షెడ్డులో ఆమె పందొమ్మిదేళ్ళుగా కాజాలు కుడుతోంది. నెత్తిమీది సిమెంటు రేకులు ఆమె కన్నా పాతవి. వాటిలో కలిపిన ఆస్‌బెస్టాస్ నార పగుళ్ళలోంచి పీచుపీచుగా వేలాడేది. మిషన్లన్నీ ఒక్కసారి నడిస్తే చాలు, సన్నటి తెల్లపొడి రాలేది. ఆ ఏడాది వకీళ్ళ నల్లకోట్ల ఆర్డరు రావడంతో అది అందరి కంటా పడింది.

"దులిపి ఇవ్వలేవా? ఒళ్ళు వంగదా?" అంటూ కోట్లు ఆమె ఒళ్ళోకి విసిరేది, కుట్టిన బట్టలు సరిచూసే మేడమ్. ఆవిడ పరాయిదేం కాదు, స్వయానా ఆడపడుచు, చనిపోయిన భర్తకు చెల్లెలు.

ఏడు నెలలుగా ఆమెకు పొడిదగ్గు. నాలుగు మెట్లెక్కితే ఊపిరందదు. ఎక్స్‌రే చూసిన డాక్టరు, పనిచేసేచోట పైకప్పు ఏమిటని అడిగాడు. ఆమె చెప్పింది.

"ఆ నార ఊపిరితిత్తుల్లోకి పోతే బయటికి రాదమ్మా. ఆ రేకుల్ని గీకనివ్వకండి. ముందు అక్కణ్ణించి బయటపడండి."

మర్నాడు ఆ మాటే యజమానికి చెప్పింది.

"నీ రోగానికి నా రేకులే దొరికాయా? ఆదివారం గీకించి రంగు కొట్టిస్తాలే. నోరు మూసుకుని కుట్టు."

"గీకితే ఇంకా ప్రమాదమంట సార్."

"నువ్వెప్పుడు ఇంజనీరువయ్యావు?"

బయట తోటి ఆడవాళ్ళు ఆమె చుట్టూ మూగారు. "మా పొట్టమీద కొట్టకు తల్లీ" అంది ఒకామె. ఆడపడుచు అంతటితో ఆగలేదు. "మా అన్నను మింగింది చాల్లేదా? ఇప్పుడు షెడ్డునూ మింగుతావా?"

ఆమె మూలన రాలిపడిన అరచెయ్యంత రేకుముక్కను తడిగుడ్డలో చుట్టి, ఏసీ గదిలోకి వెళ్ళి యజమాని బల్లమీద పెట్టింది. ఆడవాళ్ళు వెనకే గుమ్మందాకా వచ్చారు.

"ఏంటది?"

"మా నెత్తిమీది రేకు. ప్రమాదం లేదంటున్నారుగా. ఈ పూటకి మీ దగ్గరుంచండి." మూట విప్పబోయింది.

యజమాని కుర్చీ పడేలా లేచి రుమాలు ముక్కుకు అదిమిపెట్టుకున్నాడు. "విప్పకు. చెబుతున్నా, విప్పకు. దాని సంగతి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు మూడేళ్ళ కిందటే నాకు..." గుమ్మంలోని మొహాలు చూసి ఆగిపోయాడు.

"పొట్టమీద కొట్టకు" అన్న మనిషి మెడలోని కొలత టేపు తీసి నేలమీద పడేసి వెళ్ళిపోయింది. ఆమె వెనక మిగతావాళ్ళు. ఆడపడుచు మాత్రం కదల్లేదు.

"మూడేళ్ళా?" అంది యజమానితో. "రోజూ ఆ బట్టలన్నీ నా మొహం మీదే దులుపుకున్నాను కదరా."

ఆడవాళ్ళంతా ఇన్‌స్పెక్టరు ఆఫీసుకు వెళ్ళి ఫిర్యాదు కాగితం మీద వేలిముద్రలు వేస్తే అధికారులు షెడ్డుకు తాళం వేశారు. ఐదు నెలలు ఎవరికీ పని దొరకలేదు. ఆ నెపమంతా ఆమె మీదే వేశారు. వీధిలో ఎదురైతే కొందరు మొహం తిప్పుకునేవాళ్ళు. ఆమె ఊపిరి మునుపటిలా మళ్ళీ ఆడలేదు.

ఆడపడుచూ మాట కలపలేదు. ఒకరోజు మాత్రం వచ్చి గుమ్మం బయటే నిలబడింది.

"ఎక్స్‌రే తీసే చోటెక్కడో చూపించు, పద."

లోపలికి రమ్మంటే రాలేదు.