రెండో పేజీ దగ్గర ఆగినవాళ్ళు

పాఠం రాయడంకన్నా, రాసిన పాఠం పనిచేస్తుందో లేదో చూసుకోవడమే నన్ను ఎక్కువ అలసిపోయేలా చేస్తుంది. ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషిన్లు బాగుచేసే సర్వీసు సెంటర్లో నా ఉద్యోగం అదే. కౌంటర్ల దగ్గర కూర్చునేవాళ్ళకి శిక్షణ పాఠాలు తయారుచేస్తాను. ఈసారి పాఠం, కోపంగా వచ్చిన కస్టమరుతో మొదట ఏం మాట్లాడాలన్నది. అందరికీ చెప్పేముందు దాన్ని ముగ్గురి చేత విడివిడిగా చదివించాలి. వాళ్ళు చదువుతుంటే నేను పక్కనే నోరు కుట్టుకుని కూర్చోవాలి. వాళ్ళు ఎక్కడ ఆగితే అక్కడ తప్పు పాఠానిదే. పుస్తకాల్లో దీనికి నిర్మాణాత్మక మూల్యాంకనం అని నోరు తిరగని పేరొకటి ఉంది. మా అత్తయ్యకి చెప్పినట్టు చెప్పాలంటే, పక్కా కుట్టు వేసేముందు టాకాలు వేసి తొడిగి చూడటం.

ఆ ముగ్గురూ ఎవరైనా ఫరవాలేదంటే కుదరదు. ఒకరు చురుకైనవాళ్ళు, ఒకరు మధ్యరకం, ఒకరు నెమ్మదిగా నేర్చుకునేవాళ్ళు కావాలి. నిజానికి ఆ మూడోవాళ్ళ కోసమే ఈ పనంతా. చురుకైనవాళ్ళు పాఠంలో గుంటలున్నా దూకేసి వెళ్ళిపోతారు. నెమ్మదివాళ్ళు పడితేనే గుంట ఎక్కడుందో తెలుస్తుంది.

చురుకుకి తూటాని రాశాను. మాటకి మాట అప్పజెప్పే పిల్ల, ఆ పేరు పెట్టింది కస్టమర్లే. మధ్యరకానికి బావగారిని రాశాను. ఆయన ఎవరికి బావో ఎవరికీ తెలియదు, అందరూ అలాగే పిలుస్తారు. మూడోది పిన్ని. మొన్నమొన్నటిదాకా వెనక గోదాములో సామాన్లు సర్దేది. గోదాము మూసేశాక కౌంటరుకి పంపారు. ఎవరైనా గొంతు పెంచారంటే చాలు, ఆమెకి మాట పెగలదు. ఎదుటివాళ్ళు అరిచి అలిసేదాకా అలాగే చూస్తూ ఉండిపోతుంది.

ముగ్గుర్నీ కౌంటరు నుంచి కాసేపు పంపమని మేనేజరుకి రాసి ఇచ్చాను. పేర్ల పక్కన చురుకు, మధ్యరకం, నెమ్మది అని కూడా రాశాను. అలవాటు కొద్దీ రాశాను. ఇన్నేళ్ళుగా అలాగే రాస్తున్నాను.

మేనేజర్ని చాటుగా అందరూ అర్జెంటు అంటారు. మర్నాడు పొద్దున షట్టరు ఎత్తకముందు అందర్నీ నిలబెట్టి చెప్పే మాటల్లో, ఆయన నా కాగితం తీసి ఉన్నదున్నట్టు చదివేశాడు. చురుకు ఫలానా, మధ్యరకం ఫలానా, నెమ్మది ఫలానా. మూడో పేరు దగ్గర అందరి చూపులూ పిన్ని మీద పడ్డాయి. బావగారికి హఠాత్తుగా దగ్గు పట్టుకుంది. అది దగ్గు కాదని నాకు తెలుసు. ఆ శబ్దానికి అందరూ ఆయనవైపు తిరిగారు. పిన్ని తల వంచుకోవడానికి కాస్త సందు దొరికింది.

మధ్యాహ్నం ఆమె నా గదికి వచ్చింది. గదంటే గదేమీ కాదు, పాత గోదాములో ఒక మూల, బల్ల, రెండు కుర్చీలు.

"మాస్టారూ, ఒక్క మాట. నన్ను మధ్యలో రాయడానికి వీల్లేదా?"

"కూర్చోమ్మా. అది మీకు పరీక్ష కాదు. నేను రాసిన పాఠానికి పరీక్ష."

"పాఠానికే అనుకోండి. మరి పేరు నాది చదివారేం?"

నేను బల్ల మీది కాగితాలు సర్దాను.

"పొద్దుట్నుంచి కౌంటర్లో పిల్లలు నాకు సాయం చేస్తున్నారు మాస్టారూ. అడక్కుండానే. నాకు అదే కష్టంగా ఉంది," అంది. కోపంగా అనలేదు. కోప్పడి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

ఆమె వెళ్ళిన కాసేపటికి అర్జెంటు వచ్చి బల్ల అంచు మీద కూర్చున్నాడు.

"మాస్టారూ, మంచి పని పెట్టారు. నాకూ కలిసొచ్చింది. కౌంటర్లో ఒకర్ని తగ్గించమని పైనుంచి ఒకటే పోరు. ముగ్గురిలో ఎవరు ఎక్కడ ఆగిపోతారో నాకు రాసివ్వండి, చాలు."

"అది పాఠం బాగుచేసుకోడానికండి. మనుషుల్ని తీసేయడానికి కాదు."

"ఒకే దెబ్బకి రెండు పిట్టలు."

"నేను వల వేసింది పిట్టల కోసం కాదండీ."

ఆయన నవ్వలేదు. "మీరు రాయకపోతే పాఠం సోమవారం నేరుగా అందరికీ పెట్టేద్దాం, చివర్లో పరీక్షతో సహా. మీ ఇష్టం," అని లేచాడు. అప్పుడైతే పిన్ని తప్పడం ఖాయం. ఆమె ఇంట్లో జీతం తెచ్చేది ఆమె ఒక్కతే. భర్త లేవలేని మనిషి.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళాను. నా భార్య పోయాక వాళ్ళమ్మ నా దగ్గరే ఉండిపోయింది. ఎవరిని ఎవరు చూసుకుంటున్నామో మా ఇద్దరికీ ఇంకా తేలలేదు. నా మొహం చూసి అత్తయ్య లేచింది. కాళ్ళు కడుక్కోవడానికి వేణ్ణీళ్ళు పెట్టింది. అంతా విన్నాక అంది:

"ఆ నెమ్మది పేరేదో నాది రాసుకో అల్లుడూ. నాకు ఉద్యోగం పోతుందన్న భయమా, పాడా."

"సరే, చదవండి చూద్దాం," అని పాఠం చేతికిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని గట్టిగా చదవడం మొదలుపెట్టింది. కస్టమరు అరిచే చోటికి వచ్చేసరికి ఆగింది.

"వీడు అరవడంలో తప్పేముంది? మూడుసార్లు తిప్పించుకున్నారటగా. ఫ్రిజ్ పాడైతే మనిషి అరవక పాటలు పాడతాడా?"

"మీరు కౌంటరు మనిషి అత్తయ్యా, కస్టమరు కాదు."

"నేను ఎటైనా న్యాయమే మాట్లాడతాను."

చాలా రోజుల తర్వాత ఇద్దరం నవ్వుకున్నాం. కానీ ఆమె చదువు నాకు అక్కరకు రాదు. ఆ కౌంటరు వెనక కూర్చుని తిట్లు తిన్న మనిషే చదవాలి. పిన్నిని తప్పించి ఇంకెవర్నైనా రాయొచ్చు. అప్పుడు ఆ గొడ్డలి ఇంకొకరి మెడ మీద పడుతుంది. అసలు నెమ్మదివాళ్ళనే లేకుండా చేస్తే, పాఠం అవసరం లేనివాళ్ళకే బాగుంటుంది. మంచమెక్కాక కూడా బుర్రలో ఇదే తిరిగింది. చివరికి పిన్నినే అడగాలనుకున్నాను.

మర్నాడు అడిగాను. అర్జెంటు అన్నది కూడా దాచకుండా చెప్పాను. ఆమె తన చేతులవైపు చూసుకుంది.

"కూర్చోకపోతే?"

"సోమవారం పరీక్ష. అందరితో పాటు."

"కూర్చుంటే పాఠం తేలికవుతుందా?"

"అయ్యేదాకా మారుస్తాను. అంతవరకే నా చేతిలో ఉంది."

"అయితే ఇవ్వండి. ఆయన మాత్రం ఇక్కడ ఉండకూడదు."

గోదాము తలుపు వేసి పాఠం ఆమె ముందు పెట్టాను. మొదటి పేజీ మెల్లగా చదివింది. రెండో పేజీ తిప్పింది. కస్టమరు అరుస్తుంటే ఏమనాలో అక్కడ వరసగా బోలెడు వాక్యాలు రాసిపెట్టాను. సందర్భాన్ని బట్టి ఒకటి ఎంచుకోవాలి. ఆమె వేలు పైనుంచి కిందకి వచ్చింది. మళ్ళీ కిందనుంచి పైకి వెళ్ళింది. పెదవులు కదిలాయి. నావైపు చూసింది. నేను నోరు విప్పకూడదు. చెప్పేస్తే ఆమెకి తెలుస్తుంది, పాఠానికి తెలియదు. ఫ్యాను చప్పుడు వింటూ కూర్చున్నాను. ఈ ఉద్యోగంలో నాకు అన్నిటికన్నా బరువైన పని ఇదే.

"ఇన్నిట్లో ఏది అనాలో తెలియట్లేదు మాస్టారూ. ఇంక నావల్ల కాదు," అని కాగితాలు మూసింది.

తర్వాత కూర్చున్న తూటా ఆ పేజీ మీదనుంచి గాలిలా వెళ్ళిపోయింది. బావగారు కొంచెం తడబడి దాటారు.

సాయంత్రం అర్జెంటుకి ఒక్క కాగితం ఇచ్చాను. రెండో పేజీ తిరగరాయాలి, నాలుగోది కుదించాలి, అంతే.

"పేర్లేవి?"

"పేర్లు పాఠానికి అక్కర్లేదండీ."

"నాకు కావాలి. సరే, నేనే అడుగుతాను," అని ముగ్గుర్నీ తన గదికి పిలిచాడు. నన్ను ఉండమన్నాడు. ముందు పిన్నినే అడిగాడు.

"ఎక్కడ ఆగావమ్మా?"

"రెండో పేజీ సార్." గొంతు సన్నగా ఉన్నా తడబడలేదు.

అర్జెంటు రాసుకోబోయాడు. పెన్ను ఇంకా కాగితానికి తగలకముందే తూటా అంది:

"నేనూ అక్కడే సార్."

"నువ్వా?"

"అవును సార్. అన్ని వాక్యాలుంటే ఏది చెప్పాలి? బుర్ర తిరిగిపోయింది."

బావగారు దగ్గలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఆ పేజీ దాటితే కదా సార్ మిగతా సంగతి."

అర్జెంటు నావైపు తిరిగాడు. ఇప్పుడు నేను నిజం చెబితే ఒకరి కూడు పోతుంది. అబద్ధం చెబితే నా పని చెడుతుంది. అదృష్టవశాత్తు ఆయన నన్ను ఆ ప్రశ్న అడగలేదు.

"ఇంతకీ ఎవర్ని తీసేయమంటారు మాస్టారూ?" అన్నాడు.

"రెండో పేజీని తీసేద్దామండీ. అది బాగాలేదు. రాసింది నేనే."

బయట ఎవరో టోకెన్ నంబరు పిలుస్తున్నారు. అర్జెంటు రెండు అరచేతులతో కళ్ళు రుద్దుకున్నాడు. ఆ చేతులు తీసేసరికి ఆయన కూడా నిద్ర చాలని మనిషిలా కనిపించాడు.

"పైవాళ్ళకి ఏం చెప్పను నేను?"

"పాఠం ఇంకా తయారు కాలేదని చెప్పండి. అది నిజమే కదా."

"నెలాఖరు దాకా. ఆపైన నన్ను అడగొద్దు," అన్నాడు. ముగ్గురూ బయటికి నడిచారు. పిన్ని తలుపు దగ్గర ఆగి తూటా భుజమ్మీద చెయ్యి వేసింది.

నేను ఇంటికి బయల్దేరుతుంటే తూటా మెట్ల దగ్గర పట్టుకుంది.

"మాస్టారూ, మీ కాగితంలో మాత్రం నిజమే రాసుకోండి. నేను ఆ పేజీలో ఆగలేదు. మీ పని చెడగొట్టానని బాధగా ఉంది."

"నువ్వు చదువుతుంటే నేను పక్కనే ఉండి చూశాను కదమ్మా. నా పనికేమీ కాలేదు."

"అమ్మయ్య," అంది. "కస్టమర్లకి చెప్పే అబద్ధాలంత తేలిగ్గా రాలేదు మాస్టారూ అది."

ఆ వారమంతా రెండో పేజీతోనే కుస్తీ. వాక్యాలన్నీ కొట్టేశాను. అరిచేవాళ్ళని ముందు అరవనివ్వడం, ఆ తర్వాత "మొత్తం చెప్పండి, రాసుకుంటాను" అన్న ఒక్క మాట. అంతే మిగిల్చాను. రాసి చూసుకుంటే పేజీ బోడిగా కనిపించింది. ఏమైనా కలుపుదామని చెయ్యి దురద పెట్టింది కానీ కలపలేదు.

పిన్ని మళ్ళీ వచ్చి అదే కుర్చీలో కూర్చుంది. నేను పిలవలేదు, తనే వచ్చింది. తలుపు వేశాను. రెండో పేజీ చదివింది, ఆ ఒక్క మాటా పైకే అనుకుంది, ఒకసారి మెల్లగా, ఒకసారి మామూలుగా. కాగితం తిప్పింది. నేను ఊపిరి పీల్చుకున్నాను.

ఈసారి మూడో పేజీ దగ్గర ఆగింది. వేలు అక్కడే పెట్టి నావైపు చూసింది. నేను నోరు మూసుకుని, ఆ చోటు గుర్తు పెట్టుకున్నాను.