పదకొండు గంటల నడక

ఆ గదిలో మంచాలు ఐదు, యంత్రాలు ఐదు, టీవీ మాత్రం ఒకటే. రిమోటు సిస్టర్ కోటు జేబులో ఉండేది. మొదట్లో అది మంచాల మధ్య తిరిగేది. ఎవరి చేతికి చిక్కితే వాళ్లదే రాజ్యం కావడంతో, ఆ పోరు పడలేక ఆవిడే తీసి జేబులో వేసుకుంది.

కిడ్నీలు పని మానేసినవాళ్లు వారానికి మూడుసార్లు అక్కడికొచ్చి, చేతికి రెండు సూదులు గుచ్చించుకుని నాలుగు గంటలు పడుకునేవారు. ఒంట్లో రక్తం ఒక గొట్టంలోంచి యంత్రంలోకి పోయి, శుభ్రపడి, ఇంకో గొట్టంలోంచి తిరిగొస్తుంది. అంతసేపూ సూదులున్న చెయ్యి కదపకూడదు. రెండో చెయ్యి ఖాళీయే గానీ, ఒంటిచేత్తో చేసే పని ఏముంటుంది? పొద్దున ఎనిమిదికి ఎక్కినవాళ్లు పన్నెండుకి దిగుతారు. పదకొండింటికి టీవీలో నడకాయన వస్తాడు.

నడకాయన అనేది ఆ గదివాళ్లు పెట్టిన పేరు. ఆయన పిట్టల గురించీ చెట్ల గురించీ చదువుకున్న పెద్దమనిషి. అరవై దాటి ఉంటాయి. రంగు వెలిసిన టోపీ పెట్టుకుని, ఏదో ఒక మట్టిదారి పట్టి ముప్పావుగంట నడుస్తాడు. పాటలుండవు, పరుగులుండవు. పది అడుగులకోసారి ఆగుతాడు. గొంతుక్కూర్చుని చీమల్ని చూస్తాడు. ఎక్కడో పిట్ట కూస్తే దాని పేరు చెప్తాడు, మళ్లీ నడుస్తాడు.

నాలుగో మంచం మీది టైలరమ్మకి ఆ ముప్పావుగంటా ఊపిరి. నలభై ఏళ్లు జాకెట్లు కుట్టి కుట్టి వంగిపోయిన మెడని దిండు మీద ఎత్తి పెట్టుకుని, రెప్ప వెయ్యకుండా చూసేది. మూడో మంచం మీది కండక్టర్ గారికి అదే ముప్పావుగంట ముల్లు. బస్సులో ముప్పయ్యేళ్లు నిలబడి పనిచేసిన మనిషి ఆయన. గొంతు ఇంకా వెనక సీటుదాకా వినిపిస్తుంది.

"ఇదేం ప్రోగ్రామమ్మా సిస్టరూ? ఆయన నడుస్తాడు, మనం చూస్తాం. గడ్డి మొలవడం చూసినా ఇంతకంటే జోరుగా ఉంటుంది."

"మీకు జోరు కావాలంటే కళ్లు మూసుకోండి అన్నయ్యగారూ. కలలో బస్సెక్కుదురు గాని," అనేది టైలరమ్మ.

గోడవార మంచంలో లెక్కల మాస్టారు ఇద్దరి మధ్యా తీర్పరి. "నాకైతే బాగుందమ్మా. ఇది రాగానే హాయిగా నిద్ర పడుతుంది," అనేవాడు, అన్నంత పనీ చేసేవాడు.

ఒకరోజు నడకాయన రెండు పొలాల మధ్య గట్టు మీద వెళ్తున్నాడు. తెరకి ఒక మూల నలుగురు ఆడవాళ్లు వంగి కలుపు తీస్తున్నారు. ఆయన వాళ్లకి ఇటువైపు ఆగి, ఒక పొద గురించి మూడు నిమిషాలు చెప్పి ముందుకి పోయాడు.

"చూశారా? ఇదే నాకు ఒళ్లు మండేది," అన్నాడు కండక్టర్. ఈసారి ఆయన గొంతులో వేళాకోళం లేదు. "ఇలాంటి దారుల్లోనే నా సర్వీసంతా అయింది. ఒక్క మలుపు కూడా మనిషి లేకుండా ఉండదు. ఆవిడెవరో తట్ట దించుకోవడానికి సాయం కోసం చూస్తుంటుంది, ఇంకొకాయన బస్సెప్పుడని అడుగుతాడు. ఈయనకి పొద కనిపిస్తుంది, పొద పక్కన మనిషి కనిపించడు."

టైలరమ్మ మెడ ఆయన వైపు తిప్పి అంది. "మనుషుల్ని చూసీ చూసీ అలిసిపోయానన్నయ్యా. భుజం బిగుతైంది, నడుం వదులైంది, రేపటికే కావాలి... నలభై ఏళ్లు ఇదే. ఇప్పుడు నన్ను ఏమీ అడగనిది ఏదైనా చూడాలనిపిస్తుంది. చెట్టైతే ఏమీ అడగదు కదా."

సిస్టర్ ఇద్దరి మాటలూ వింటూ గొట్టాలు సరిచూసుకుంది. నిజానికి ఆవిడ ఆ కార్యక్రమాన్ని ఒక్కరోజూ పూర్తిగా చూడలేదు. ఏదో ఒక యంత్రం కూత పెట్టేది, లేకపోతే ఎవరికో బీపీ పడిపోయేది.

ఆ శుక్రవారం చివర్లో టీవీవాళ్లు ఒక ప్రకటన చేశారు. ఈ నడక మీద ప్రేక్షకులు రెండుగా చీలిపోయారట. బీపీ తగ్గిందని ఒకరు రాస్తే, బీపీ పెరిగిందని ఇంకొకరు రాశారట. ఉంచాలో తీసెయ్యాలో మీరూ రాయండి అన్నారు. కండక్టర్ హుషారుగా తల ఎత్తాడు.

"సిస్టరమ్మా, కాగితం తే. నేను చెప్తా, నువ్వు రాయి."

"ఆయనది రాస్తే నాదీ రాయాలి," అంది టైలరమ్మ.

సిస్టర్ డ్యూటీ దిగాక, చీటీల మీద గీసుకున్న ముక్కలన్నీ కూడదీసి ఒకే ఉత్తరం రాసింది. పొద మాటా, చెట్టు మాటా పక్కపక్కనే పెట్టింది. నిద్రపోతూ మెచ్చుకునేవారు కూడా ఒకరున్నారని మాస్టారి తరఫున చేర్చి పోస్టులో వేసింది.

తరవాతి బుధవారం గొడవైంది.

నడకాయన ఆ రోజు ఒక వాగు పక్కన ఆగాడు. చేతికర్ర పక్కన పెట్టి, వంగి, దోసిట్లో నీళ్లు తీసుకుని తాగాడు. నీళ్లు మోచేతుల మీదుగా కారిపోయాయి. మళ్లీ దోసిలి పట్టాడు. గలగలమనే చప్పుడు గదంతా నిండింది.

గదిలో అందరి కళ్లూ ఆ దోసిలి మీదే ఉన్నాయి. వాళ్లెవరికీ రోజుకి మూడు గ్లాసులకి మించి నీళ్లు తాగే వీల్లేదు. కూరలో పులుసు కూడా ఆ లెక్కలోకే వస్తుంది. ఎక్కువ తాగితే నీరు ఒంట్లోనే నిలిచిపోయి ఊపిరి సలపదు. ఎండాకాలం టైలరమ్మ కొంగు తడుపుకుని పెదాలకి అద్దుకునేది.

"కట్టెయ్యమ్మా," అన్నాడు కండక్టర్. సిస్టర్ జేబులో చెయ్యి పెట్టింది.

"వద్దు, ఉండనివ్వు," అంది టైలరమ్మ. "కళ్లతోనైనా తాగనివ్వండి."

"కళ్లతో తాగితే దాహం తీరుతుందా? ఉన్నది రెట్టింపవుతుంది! మా అందరి గొంతులూ ఎండగట్టి నువ్వు చూడాలా?"

"మీకు చూడ్డం చేతకాకపోతే తల అటు తిప్పుకోండి కండక్టర్ గారూ!"

అన్నయ్యగారూ అని పిలిచే మనిషి కండక్టర్ గారూ అనేసరికి ఆయన ముఖం వాడిపోయింది. ఆవేశంలో సూదులున్న చెయ్యి కదిపాడు. యంత్రం కీచుమంది. సిస్టర్ పరిగెత్తుకెళ్లి గొట్టం సరిచేసేసరికి వాగు దాటిపోయింది. నడకాయన ఎండిన ఆకుల మీద నడుస్తున్నాడు. గెలిచినవాళ్లు ఎవరూ లేరు.

సూదులు తీయించుకుంటూ కండక్టర్ మెల్లగా అడిగాడు. "మధ్యాహ్నం షిఫ్టులో ఖాళీ ఉందామ్మా?"

ఉంది. శుక్రవారం నుంచి ఆయన ఒంటిగంటకి రావడం మొదలుపెట్టాడు. మూడో మంచంలోకి ఒక కుర్రాయన వచ్చాడు. చెవుల్లో తీగలు పెట్టుకుని ఎవరి జోలికీ పోడు. టైలరమ్మకి ఇష్టమొచ్చినంతసేపు నడకాయన దొరికాడు, అడ్డుచెప్పేవాళ్లు లేరు. కానీ ఆవిడ చూపు కుదరలేదు. తెర మీద చెట్టు వస్తే, దాని వెనక ఎవరైనా ఉన్నారేమోనని కళ్లు అంచులకి పోయేవి. ఒక మూల సైకిలు తోసుకుంటూ పోయే మనిషి ఒక్క క్షణం కనిపించి మాయమయ్యాడు.

"చూడమ్మా, ఆ మనిషి ఎటు పోయాడో ఏమో," అంది సిస్టర్‌తో. "పాడు అలవాటు అంటించి పోయాడు మీ కండక్టరు."

మధ్యాహ్నం గదిలో సినిమాలు నడిచేవి. కండక్టర్ వాటిని చూసేవాడు కాదు. "ఇవాళ ఎటు నడిచాట్ట?" అని అడిగేవాడు, ఏదో మాటవరసకి అన్నట్టు. సిస్టర్‌కి తెలిసేది కాదు. దాంతో ఆవిడ పొద్దున టైలరమ్మని అడిగి తెలుసుకుని, మధ్యాహ్నం ఆయనకి చెప్పేది. పనుల మధ్య ఇదొక పనైంది.

పదిహేను రోజుల తరవాత టీవీలో వాళ్ల ఉత్తరం చదివారు. పూర్తిగా కాదు, కండక్టర్ మాటలు మాత్రమే. పొద కనిపించి మనిషి కనిపించని సంగతి. టైలరమ్మకి చివుక్కుమంది. కానీ నడకాయన దానికి జవాబిచ్చాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని చెప్పాడు.

"ఈ మాట నిజమే. వాళ్లు ఎండలో పనిచేస్తుంటారు. నేను ఊరికే తిరుగుతుంటాను, వెనక కెమెరా ఒకటి. పలకరించాలంటే సిగ్గేస్తుంది. అందుకే పిట్టల వైపు తిరుగుతానేమో."

టైలరమ్మ సిస్టర్ని దగ్గరికి పిలిచింది. "ఒక్క ముక్క పొల్లుపోకుండా ఆయనకి చెప్పు. సిగ్గేస్తుందన్నాడని కూడా చెప్పు."

మధ్యాహ్నం సిస్టర్ ఆ మాట కండక్టర్‌కి చెప్పింది.

"సిగ్గేస్తే చెయ్యెత్తి ఒక నమస్కారం పెట్టి పోవచ్చుగా," అన్నాడు. ఇంకాసేపటికి, "నా మాట చదివారా? ఆవిడది చదవలేదా?" అని అడిగాడు. చదవలేదంది సిస్టర్.

నెల తిరక్కుండానే టీవీవాళ్లు తేల్చేశారు. కావాలన్నవాళ్లు ఎంతమందో వద్దన్నవాళ్లూ అంతేమంది ఉన్నారట. అందుకని తీసెయ్యలేదు, ఉన్నచోట ఉంచనూ లేదు. పొద్దున అయిదున్నరకి మార్చారు. పదకొండింటికి వంటల కార్యక్రమం పెట్టారు.

టైలరమ్మ ఇంట్లో టీవీ ముందుగదిలో ఉంది. రాత్రి డ్యూటీ చేసే కూతురు తెల్లవారుజామున నాలుగింటికి వచ్చి ఆ గదిలోనే పడుకుంటుంది. ఆ నిద్ర చెడగొట్టడానికి ఆవిడకి మనసొప్పలేదు. "పోనీలే, చూసినంత చూశాం," అంది. వంటలవాళ్లు ఉల్లిపాయలు వేయిస్తుంటే గోడవైపు తిరిగి పడుకుంది.

ఇక నడకాయన గొడవ లేదు కాబట్టి కండక్టర్ పొద్దున షిఫ్టుకి తిరిగొచ్చేశాడు. మధ్యాహ్నం ఎండన పడి రాలేకపోతున్నానని సిస్టర్‌తో చెప్పాడు. కుర్రాయన మధ్యాహ్నానికి మారడంతో ఖాళీ అయిన మూడో మంచం ఎక్కి, సూదులు గుచ్చించుకుని, పక్కకి చూడకుండానే అన్నాడు.

"ఇవాళ చెరువు వెనకదారి పట్టాడు చెల్లెమ్మా."

టైలరమ్మ తల తిప్పింది. "మీరు చూశారా?"

"నాకు నాలుగింటికే మెలకువొస్తుంది, డ్యూటీ రోజుల అలవాటు. ఏం చేస్తాం, చూశాను. గట్టు మీద ఒకావిడ గేదెల్ని తోలుకొస్తుంటే పక్కకి తప్పుకుని దారిచ్చాడు. చెయ్యెత్తాడు కూడా. ఆవిడ ఎత్తలేదనుకో. ఎవడో పిచ్చివాడనుకుని ఉంటుంది."

"మరి నీళ్ల దగ్గర పిట్టలేమైనా ఉన్నాయా?"

"ఉన్నాయి, ఏదో పిట్ట."

"ఏదో పిట్టేమిటి అన్నయ్యగారూ? తెల్లదా, నల్లదా? ముక్కు పొడుగా?"

"నేను గేదెలావిడని చూస్తున్నాను కదమ్మా."

"ముప్పావుగంట కూర్చుని ఒక పిట్టని చూడలేకపోయారా? మీకు అప్పగిస్తే ఇంతే," అని టైలరమ్మ విసుక్కుంది. మాస్టారు నిద్రలోంచి లేచి ఏమైందని అడిగాడు. ఏమీ కాలేదు పడుకోండి అన్నారు ఇద్దరూ.

మళ్లీ బుధవారం కండక్టర్ చొక్కా జేబులోంచి చీటీ ఒకటి తీశాడు. ఖాళీగా ఉన్న చేత్తో దాన్ని మొహానికి దగ్గరగా పెట్టుకున్నాడు. రాసిన అక్షరాలు ఆయనకే అర్థం కావడం లేదు. సిస్టర్ వచ్చి కళ్లజోడు సరిచేసింది.

"చెప్తున్నా, వినుకో. గోధుమరంగు. మెడ దగ్గర తెలుపు. తోక... తోక ఆగకుండా ఊపుతుంది. పేరు చెప్పాడు గానీ కాఫీ గిన్నె పొంగిపోతే లేచాను, వినలేదు."

"గట్టు మీద ఉరుకుతుందా, ఎగురుతుందా?"

"ఉరుకుతుంది. నాలుగడుగులు ఉరికి ఆగుతుంది. మళ్లీ ఉరుకుతుంది."

టైలరమ్మ కళ్లు మూసుకుంది. "ఊఁ, తరవాత?" అంది.

సిస్టర్ వంటల కార్యక్రమం గొంతు బాగా తగ్గించింది. ఆ పూట ఏ యంత్రమూ కూత పెట్టలేదు. మాస్టారి మంచం పక్కన స్టూలు లాక్కుని, కూర్చుని, ఆవిడ కూడా వింది.